శుక్రవారం మధ్యాహ్నపు బిల్లు

పార్లమెంటులో ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగానికి పరీక్ష రాయబోతున్న ఒకమ్మాయి ఈమధ్య గుణదలలో మా ఇంటికి వచ్చింది. ఏ పుస్తకాలు చదవాలో, వేగం ఎలా పెంచుకోవాలో అడిగి తెలుసుకుంది. వెళ్ళబోతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆగి, "ఆ పని చేస్తుంటే లోపల ఎలా ఉంటుందండీ?" అంది. ఏదో సర్దిచెప్పి పంపేశాను. ఆ అమ్మాయి వెళ్ళాక అనిపించింది, నిజంగా అడగవలసిన ప్రశ్న అదొక్కటేనని. జీతాలు, ప్రమోషన్ల సంగతి ఎవరైనా చెబుతారు. ఇక్కడ రాస్తున్నది ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు. ఎక్కువగా ఒకే బిల్లు గురించి రాస్తాను. ఆ బిల్లు చట్టం కాలేదు.

గాజు గది

సభకు పైన ఒక గాజు గదిలో మేం కూర్చునేవాళ్ళం. చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు మైకు. తెలుగులో మాట్లాడదలచుకున్న సభ్యులు ముందుగా తెలియజేస్తే మమ్మల్ని ఆ గదికి పంపేవారు. సభ్యుడు తెలుగులో మాట్లాడుతూ ఉంటే నేను ఆయన వెనకాలే ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోవాలి. ఈ రోజుల్లో తెలుగులోకి కూడా అనువదించి వినిపిస్తున్నారు. నా కాలంలో తెలుగు అటు వెళ్ళడమే తప్ప, అటునుంచి తెలుగులోకి ఏమీ వచ్చేది కాదు.

తెలుగుతో ఉన్న చిక్కు, క్రియ చివర్లో వస్తుంది. "ఈ ప్రభుత్వం పేదలకు ఇళ్ళు" అని ఒకాయన ఆగి మంచినీళ్ళు తాగితే, ఇచ్చిందంటాడో ఇవ్వలేదంటాడో తెలియక ప్రాణం గిలగిల్లాడేది. ఊహించి ముందే అనేశారో, మునిగారన్నమాటే.

మా పై అధికారి శేషాద్రి గారు. తమిళులు, మాట కటువు. నేను చేరిన కొత్తలో ఒక సభ్యుడు వాళ్ళ కుటుంబం గురించి మాట్లాడుతుంటే, మొహమాటపడి "సభ్యులవారు తమ భార్య గురించి చెబుతున్నారు" అని ఇంగ్లీషులో అన్నాను. బయటికి రాగానే శేషాద్రి గారు పట్టుకున్నారు.

"ఆయన 'మా ఆవిడ' అన్నాడా?"

"అన్నారండీ."

"అయితే నువ్వూ 'మా ఆవిడ' అనాలి. ఆయన 'నేను' అంటే నువ్వు కూడా 'నేను' అనాలి. వినేవాళ్ళకి నువ్వు కనపడకూడదు."

అంత మీసాలాయన మాటకు నా ఆడగొంతుతో "మా ఆవిడ" అనడం మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది. ఎవరు కోప్పడినా నేను కోప్పడ్డాను, ఎవరు బతిమాలినా నేను బతిమాలాను. ఇందులో గొప్ప ఉంది. కానీ మిమ్మల్ని మీరు రోజూ కొంతసేపు పక్కన పెట్టుకోవాలి. అది అందరివల్లా కాదు. నాతో చేరినవాళ్ళలో బాగా చదువుకున్న ఒకాయన ఆర్నెల్లకే మానేసి కాలేజీలో చేరిపోయాడు. తప్పేమీ కాదు.

బడ్జెట్ చర్చలు కష్టం అనుకుంటారు కొత్తవాళ్ళు. కాదు. కుటుంబాల మీద వచ్చే చట్టాలు కష్టం. పెళ్ళి, విడాకులు, వారసత్వం, భరణం. మరిది, ఆడపడుచు, తోడికోడలు అని మనం ఒక్కమాటలో అనేదాన్ని ఇంగ్లీషులో విడదీసి చెప్పేలోపు మాట్లాడేవాడు రెండు వాక్యాలు ముందుకెళ్ళిపోతాడు. "పుట్టిల్లు" అన్న మాటకు నేను ఉద్యోగం చేసినంతకాలం సరైన ఇంగ్లీషు మాట దొరకలేదు. పైగా ఆ చర్చల్లో ప్రతివాళ్ళకీ తమ ఇల్లు గుర్తొస్తుంది. చెప్పేవాళ్ళకీ, చేరవేసేవాళ్ళకీ కూడా.

సుబ్బారాయుడు గారు

చల్లపల్లి దగ్గర పల్లెటూరి మనిషి ఆయన. ముందు బందరు కోర్టులో ప్లీడరు, తర్వాత ఎం.పీ. ఇంగ్లీషు బాగానే వచ్చు. కానీ సభలో తెలుగులోనే మాట్లాడేవారు. మాట్లాడే ముందు మా గదికి వచ్చి కూర్చుని, ఏం చెప్పబోతున్నారో చెప్పి వెళ్ళే సభ్యులు చాలా తక్కువ. ఆయన వచ్చేవారు. "మీకు తెలియకుండా నేను మాట్లాడితే, నేను మాట్లాడనట్టే కదమ్మా" అనేవారు.

ఒకసారి ఆయన వచ్చి, హిందూ వారసత్వ చట్టంలో ఒక క్రమాన్ని మార్చమని సొంతంగా బిల్లు పెడుతున్నానన్నారు. ప్రభుత్వం తరఫున కాకుండా సభ్యులు సొంతంగా పెట్టే బిల్లులు శుక్రవారం మధ్యాహ్నం చర్చకు వస్తాయి. అప్పటికి సగంమంది ఊళ్ళకు విమానం ఎక్కేస్తారు.

చట్టంలో ఆ క్రమం ఇది. పెళ్ళైన స్త్రీ, భర్త పోయి, పిల్లలు లేకుండా, విల్లు రాయకుండా కన్నుమూసిందనుకోండి. ఆమె తన కష్టంతో సంపాదించుకున్న ఆస్తి మొదట భర్త తరఫు వారసులకు వెళుతుంది. వాళ్ళెవరూ లేకపోతేనే కన్నతల్లిదండ్రులకు. తోబుట్టువులు ఇంకా వెనకాల. మా క్రైస్తవుల వారసత్వ చట్టం వేరు కాబట్టి నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

"మగవాడు పోతే వాడి ఆస్తి వాడివాళ్ళకి. ఆడది పోతే ఆమె ఆస్తి కూడా మగవాడివాళ్ళకే" అన్నారు సుబ్బారాయుడు గారు. "ఇన్నాళ్ళూ ప్లీడరీ చేశానా, సెక్షన్ చదివానే కానీ అది మనిషి మీద పడినప్పుడు ఎలా ఉంటుందో చూడలేదు. అనసూయ అని మా వైపు ఆవిడ వచ్చి నా వరండాలో కూర్చున్నాక చూశాను."

అప్పుడు చెప్పారు రత్నకుమారి సంగతి. కూచిపూడి దగ్గర ఊళ్ళో పుట్టింది. పెళ్ళైన కొద్దికాలానికే భర్త రోడ్డు ప్రమాదంలో పోయాడు. దినాలు కాగానే అత్తగారు ఆమెను పుట్టింటికి పంపేసింది. అప్పటికి పుట్టింట్లో మిగిలింది అక్క అనసూయ ఒక్కతే. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు, మిషను కుట్టుకుని బతుకుతోంది. చెల్లెలికి కుట్టు నేర్పింది. ఇద్దరూ కలిసి నాట్యం నేర్చుకునే పిల్లలకు దుస్తులు కుట్టేవారు. రత్నకుమారికి చెయ్యి తిరిగింది. విసనకర్రలా విచ్చుకునే ఆ ముందు కుచ్చిళ్ళు ఆమె కుట్టినట్టు ఎవరూ కుట్టలేరని విజయవాడ నుంచి కూడా వచ్చేవారట. చల్లపల్లి రోడ్డు మీద స్థలం కొని, ముందు కొట్టు, వెనక రెండు గదులు కట్టుకున్నారు. పత్రాలు రత్నకుమారి పేరు మీద రాయించారు. చిన్నది కదా, నా తర్వాత కూడా ఉండాలి కదా అని అనసూయే అలా చేయించింది.

చిన్నదే ముందు పోయింది. జ్వరం అని ఆసుపత్రిలో చేర్చారు, మళ్ళీ ఇంటికి రాలేదు. విల్లు రాయాలని ఆ వయసులో ఎవరికి తోస్తుంది?

ఆమె అత్తమామలు అప్పటికే లేరు. మరిది వచ్చాడు. దావా వేశాడు, గెలిచాడు. కోర్టు తప్పేమీ చేయలేదు, చట్టం అలాగే ఉంది. మరిది దుర్మార్గుడు కూడా కాదని సుబ్బారాయుడు గారే అన్నారు. ఆయన మధ్యవర్తిగా వెళితే ఆ అబ్బాయి, "ఇది నాదని చట్టమే చెబుతుంటే నేనెందుకు వదులుకోవాలండీ? మీరైతే వదులుకుంటారా?" అన్నాడట. ఆ మాటే ఆయన్ని బిల్లు దాకా తెచ్చింది.

మా ఇంట్లో అనసూయ

చర్చకు వచ్చే శుక్రవారం ఖాయమయ్యాక, అనసూయను ఢిల్లీ తీసుకొస్తానన్నారు ఆయన. "గ్యాలరీలో కూర్చుని వినాలంది. హిందీ ముక్క రాదు. మన జిల్లా మనిషి, మీ ఇంట్లో రెండు రోజులు ఉంచుకుంటారా సుగుణమ్మా?"

శేషాద్రి గారికి చెబితే ముఖం చిట్లించారు. "ఎవరి గురించి చెప్పబోతున్నావో ఆ మనిషికి అన్నం పెట్టకు. గొంతు మారుతుంది" అన్నారు. ఆర్డరు వేసి ఉంటే మానేసేదాన్నే. వేయలేదు.

అనసూయ సన్నగా, పొడుగ్గా ఉండేది. నాకంటే కొంచెం పెద్దది. వచ్చిన గంటకే మా కర్టెన్లు చూసి, "ఎవరమ్మా వీటిని కుట్టింది? అంచు లాగేస్తోంది" అని సూదీ దారం అడిగింది. కుడుతూనే కబుర్లు చెప్పింది. చెల్లెలు నవ్వితే పక్కింటికి వినపడేదట. జడకుచ్చుల దగ్గర్నుంచి ఏది ఎక్కడ పెట్టిందో మర్చిపోయి రోజంతా వెతికేదట. దుస్తులు కుట్టిన పిల్ల మొదటిసారి గజ్జె కట్టిన రోజున ముందు వరసలో కూర్చుని, అడుగుల్ని వదిలేసి కుచ్చిళ్ళు సరిగ్గా విచ్చుకుంటున్నాయా లేదా అని చూసేదట.

నాకొక సంగతి అడగక తప్పదనిపించింది. "అనసూయ గారూ, ఈ బిల్లు గెలిచినా మీ ఇల్లు తిరిగి రాదు. సుబ్బారాయుడు గారు చెప్పారా?"

"చెప్పారమ్మా. ముందే చెప్పారు" అంది, తల ఎత్తకుండా. "అందులో ఇప్పుడు సిమెంటు బస్తాలు వేసుకున్నారు. వచ్చినా నేనేం చేసుకోను? మా చెల్లి సంపాదించుకుంది మా చెల్లిదే అని ఒక్కసారి ఎవరైనా పెద్దవాళ్ళు అంటే వినాలని ఉంది. అంతే."

చర్చ

గ్యాలరీలో కూర్చోవడానికి నియమాలు చాలా ఉన్నాయి. ఫోను, సంచీ బయట పెట్టాలి. మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. అన్నీ అనసూయకు ముందే చెప్పాను. నా గాజు గదిలోంచి ఆవిడ కనపడుతూనే ఉంది. బడిలో ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున పిల్లలు కూర్చున్నట్టు, చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

సుబ్బారాయుడు గారు బాగా మాట్లాడారు. సెక్షన్ చెప్పారు, అందులోని అన్యాయం చెప్పారు. తర్వాత మా ప్రాంతంలో ఒక కుట్టుపని చేసుకునే వితంతువు అంటూ మొదలుపెట్టారు. అంతదాకా నా ఇంగ్లీషు ఆయన తెలుగు వెంట హాయిగా సాగింది. అప్పుడాయన, సభను కదిలించాలనే అనుకుంటాను, కాగితం పక్కన పెట్టి, "ఆ చెల్లెలి పంచన ఆశ్రయం పొందిన అక్క, నిస్సహాయురాలు, ఈ రోజు వీధిలో నిలబడి ఉంది" అన్నారు.

అది తలకిందులు. ఆశ్రయం ఇచ్చింది అక్క. కుట్టు నేర్పింది అక్క. గ్యాలరీ వైపు చూశాను. అనసూయ తల కొంచెం పక్కకు తిప్పింది, సరిగ్గా వినపడనివాళ్ళు తిప్పినట్టు.

నా నోటిదగ్గర మైకు ఉంది. ఒక్క మాట అటూ ఇటూ మారిస్తే, సభ మొత్తం నిజం వింటుంది. ఎవరికీ తెలియదు కూడా. నేను మార్చలేదు. ఆయన ఏమన్నారో అదే ఇంగ్లీషులో అన్నాను. ఆశ్రయం పొందిన అక్క, నిస్సహాయురాలు. గొంతు మారిందో లేదో నాకు తెలియదు. ఇప్పుడు మళ్ళీ ఆ గదిలో కూర్చోబెట్టినా అదే చేస్తాను. సభ్యుడి మాట సభ్యుడిది. దిద్దడం మొదలుపెడితే, ఇవాళ మంచికి దిద్దుతాం, రేపు మనకు తోచినట్టు దిద్దుతాం. కొత్తగా చేరేవాళ్ళకు ఇది గట్టిగా చెబుతాను. అలా చేసినందుకు ఇంటికెళ్ళాక అన్నం సయించకపోతే, ఆ బాధ కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

ఆ తర్వాత మిగతావాళ్ళు మాట్లాడారు, హిందీలో, ఇంగ్లీషులో. వాళ్ళను చేరవేసేది వేరే గదులవాళ్ళు. సుబ్బారాయుడు గారు చివర్లో మళ్ళీ మాట్లాడాలి కాబట్టి నేను వింటూ కూర్చున్నాను. అన్ని పార్టీలవాళ్ళూ బిల్లును మెచ్చుకున్నారు. ఒక్కరు కూడా కాదనలేదు. కానీ ఒక్కొక్కరు లేచిన కొద్దీ అనసూయ చిన్నదైపోతూ వచ్చింది. ఒకాయన ఆవిణ్ణి అభాగ్యురాలన్నారు. ఇంకో సభ్యురాలు నడవలేని వృద్ధురాలన్నారు. చివరికొచ్చేసరికి గుడి మెట్ల మీద అడుక్కునే ముసలమ్మ అయిపోయింది. పాపం, అందరూ సానుభూతితోనే అన్నారు. ఆ ముసలమ్మ గ్యాలరీలో నిటారుగా కూర్చుని, అర్థం కాని భాషల్లో తన గురించి చెబుతున్నదంతా మర్యాదగా వింటోంది.

ఉపసంహరణ

మంత్రి లేచి బిల్లులోని ఉద్దేశాన్ని పొగిడారు. ప్రభుత్వం ఈ విషయాన్ని సమగ్రంగా పరిశీలిస్తుందన్నారు. గౌరవ సభ్యులు తమ బిల్లును వెనక్కి తీసుకోవాలని కోరారు. సొంత బిల్లుల సంగతి దాదాపు ఎప్పుడూ ఇలాగే ముగుస్తుంది. అది ఆనవాయితీ. తెలిసినవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు.

సుబ్బారాయుడు గారు లేచారు. నేను మైకు దగ్గరకు జరిగాను. ఆయన అందరికీ ధన్యవాదాలు చెప్పి, కాగితాలు మడిచి పెట్టుకున్నారు. అంతసేపూ నేను కూడా మైకు ముందు ఊరికే ఉన్నాను. అప్పుడాయన, "మంత్రిగారి హామీని గౌరవిస్తూ, నా బిల్లును ఉపసంహరించుకుంటున్నాను" అన్నారు. అదే నేను ఇంగ్లీషులో అన్నాను. నేను, నా బిల్లును, ఉపసంహరించుకుంటున్నాను. శేషాద్రి గారు నేర్పినట్టే.

అధ్యక్ష స్థానంలో ఉన్నవారు సభ అనుమతి అడిగారు. కొన్ని గొంతులు అవునన్నాయి. చుట్టుపక్కలవాళ్ళు సుబ్బారాయుడు గారిని మెచ్చుకుంటూ బల్లలు చరిచారు. వెంటనే ఇంకో సభ్యుడి ఇంకో బిల్లు మొదలైంది.

కింద సందర్శకుల దారిలో అనసూయ నాకోసం నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"అయిపోయిందా అమ్మా? అందరూ అవునన్నారుగా! బల్లలు కూడా చరిచారు!"

ఆవిణ్ణి అలాగే గోడ పక్కకు నడిపించాను.

"చివర్లో సుబ్బారాయుడు గారు ఏదో పెద్దమాట అన్నారు. ఉపసంహరించుకోవడం అంటే ఏంటి?"

జీవితమంతా తెలుగును ఇంగ్లీషు చేశాను. తెలుగును తెలుగు చేయవలసి రావడం అదొక్కసారే.

"వెనక్కి తీసుకోవడం, అనసూయ గారూ."

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. "ఎవరు వెనక్కి తీసుకున్నారు? మంత్రిగారా?"

"కాదు. సుబ్బారాయుడు గారే."

"పెట్టింది ఆయనేగా."

"ఆయనే."

"ఒక్కళ్ళు కూడా కాదనలేదుగా."

"లేదండీ. ఎవరూ కాదనలేదు."

నా చేతులు వదిలేసింది. వదిలేసి, తన పమిట సర్దుకుంది. అంతలో సుబ్బారాయుడు గారు వచ్చారు. ఆవిడ ఎదుట నిలబడి, "ఓటింగుకు పెడితే ఓడిపోతామమ్మా. సభలో మనుషులు కూడా లేరు. ఓడిన బిల్లును మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. మాట ఇచ్చారు కదా, చూద్దాం" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. ప్లీడరు లెక్క ప్రకారం అది సరైన పనే. అనసూయ ఆయనకు దణ్ణం పెట్టింది. "మీరు చాలా శ్రమ తీసుకున్నారు బాబూ" అంది. ఆయన అక్కడే గోడ పట్టుకుని నిలబడిపోయారు. అంత పెద్దమనిషి ఏడవడం నేను చూశాను.

ఆటోలో వస్తుంటే మాత్రం ఒక మాట అంది. "నేను ఆశ్రయం పొందలేదమ్మా. ఆ గోడలు కట్టేటప్పుడు నీళ్ళు పోసింది నేను." నాకు తెలుసన్నాను. తల ఊపింది. మర్నాడు రైలు ఎక్కేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

తర్వాత

సుబ్బారాయుడు గారు ఆ తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయారు. ఆరోగ్యం చెడింది. సమావేశాలు మొదలైన ప్రతిసారీ మంత్రిత్వ శాఖకు ఉత్తరం రాస్తూనే ఉన్నారని వాళ్ళబ్బాయి చెప్పాడు. ఆయన పోయిన రోజున అనసూయ వెళ్ళి, దినాలయ్యేదాకా ఆ ఇంట్లో వంట దగ్గర సాయం చేసి వచ్చిందట. నేను ఇది రాస్తున్న నాటికి చట్టంలో ఆ క్రమం అలాగే ఉంది.

రిటైరై గుణదల వచ్చాక అనసూయను వెతుక్కుంటూ వెళ్ళాను. పటమటలో అద్దె గదిలో కుడుతోంది. కళ్ళజోడు మందమైంది, చెయ్యి మాత్రం తగ్గలేదు. ఇప్పుడు నన్ను సుగుణా అంటుంది, నేను అక్కా అంటాను. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ కొలతలు తీసుకుంటూనే, "విల్లు రాశావా?" అని అడుగుతుంది. కొందరు నవ్వుతారు. కొత్తగా పెళ్ళైన పిల్లలైతే అపశకునమని మొహం ముడుచుకుంటారు. కొంతమంది రాశారు కూడా. పార్లమెంటు చేయలేనిది ఆవిడ చేసిందని నేను అనను. విల్లు రాయకపోయినా ఒక మనిషి కష్టం ఆ మనిషివాళ్ళకు చేరాలి. అందుకు చట్టమే కావాలి.

మొన్న వర్షానికి కరెంటు పోయి, మిషను ఆగింది. ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. ఉన్నట్టుండి అడిగింది.

"సుగుణా, ఆ రోజు మిగతావాళ్ళంతా ఏమేం మాట్లాడారు? నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు అడగబుద్ధి కాలేదు."

చెప్పాను. గుర్తున్నంతవరకు అన్నీ, ఎవరేమన్నారో అలాగే, మార్చకుండా. అభాగ్యురాలని, నడవలేని వృద్ధురాలని, గుడి మెట్ల మీద కూర్చుందని. ఆవిడ మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. "నేనా?" అంది. తర్వాత నవ్వలేదు. మంత్రి చెప్పినదాకా అంతా విని, వాన వైపు చూస్తూ కూర్చుంది.

"మా రత్నం పేరు ఎవరైనా అన్నారా?"

గుర్తు తెచ్చుకున్నాను. అన్నీ గుర్తున్నాయి నాకు. చెల్లెలన్నారు, వితంతువన్నారు, బాధితురాలన్నారు.

"లేదక్కా. ఎవరూ అనలేదు."

"సుబ్బారాయుడు గారు కూడానా?"

"ఆయన కూడా."

కరెంటు వచ్చింది. లోపల మిషను దీపం వెలిగింది. అనసూయ లేవకుండా అలాగే కూర్చుని, నన్ను కాదు, వీధిని అడిగినట్టు అడిగింది.

"మరి అంతసేపూ ఎవరి గురించి మాట్లాడుకున్నారు వాళ్ళు?"